ఒక చెవికి ఇంప్లాంట్, ఇంకో చెవికి మిషన్ ఉంటే శబ్దం ఎటు నుంచి వస్తుందో పట్టుకోవడం ఎట్టా

నాకు కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే కరెంటు సామాను, ఎడమ చెవికి శబ్దాన్ని పెంచి వినిపించే మామూలు చెవి మిషన్. మాది నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం అంగడి. ఇంప్లాంట్ తర్వాత మాటలు అర్థం కావడం మొదలైంది, ఫోన్‌లో కూడా మాట్లాడగలుగుతున్నా, కానీ ఎవరన్నా పిలిస్తే ఎటు నుంచి పిలుస్తున్నారో మాత్రం తెలిసేది కాదు. ఒకరోజు ట్రంక్ రోడ్డు దాటుతుంటే హారన్ వినబడింది, నాకు కుడి పక్క నుంచి వచ్చినట్టే ఉంది, అందుకని ఎడమకి జరిగా, బండి వచ్చింది ఎడమ నుంచే. ఆ అబ్బాయి గట్టిగా బ్రేకు తొక్కబట్టి బతికిపోయా. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తే "అదేందయ్యా, ఇప్పుడు రెండు చెవులూ వినబడతుండాయి గదా" అంది. వినబడటం వేరు, ఎటు నుంచో తెలియడం వేరు అని అప్పుడే నాకూ గట్టిగా తెలిసింది. ఆ తర్వాత ఏడాది పైగా మా ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షలు చేసి ఈ సామాన్లు సరిచేసేవాళ్లు) మేడంని అడిగి, ఇంట్లో ప్రాక్టీస్ చేసి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా, నాలాగే ఒక పక్క ఇంప్లాంట్ ఒక పక్క మిషన్ ఉన్నోళ్లకి, వాళ్ల ఇంట్లో వాళ్లకి పనికొస్తదని.

ముందు ఇది ఎందుకు కష్టమో తెలుసుకోవాలి, అది తెలియకుండా ప్రాక్టీస్ చేస్తే నెలలు వేస్ట్ అవుతాయి, నాకట్టానే రెండు నెలలు పోయాయి.

పాత కాటా చూసుంటారుగా, రెండు పళ్లేలు, మధ్యలో ముల్లు. ఏ పక్క బరువుంటే ముల్లు అటు వాలుద్ది. మెదడు కూడా రెండు చెవుల్ని అట్టానే తూస్తుంది, తూచేది రెండు తేడాల్ని. ఒకటి టైము. ఎడమ పక్క శబ్దం ఎడమ చెవికి ముందు తగిలి కుడి చెవికి కాస్త ఆలస్యంగా చేరుద్ది, ఆ ఆలస్యం మహా అయితే 0.7 మిల్లీ సెకను, అంటే సెకనులో వెయ్యో వంతు కూడా కాదు, మామూలు చెవులున్నోళ్ల మెదడు అంత చిన్న తేడాని కూడా పట్టేస్తుంది. రెండోది గట్టిదనం. మధ్యలో తల అడ్డం ఉంటుంది కాబట్టి అవతలి చెవికి శబ్దం తగ్గి వినబడుద్ది, కీచుగా సన్నగా ఉండే శబ్దాల్లో ఈ తేడా 20 డెసిబెల్స్ దాకా ఉంటుంది, బొంగురు శబ్దాలు మాత్రం తలని చుట్టుకుని అవతలికి పోతాయి కాబట్టి గట్టిదనంలో తేడా పెద్దగా ఉండదు. అందుకని బొంగురు శబ్దాలకి టైము తేడా, సన్నటి శబ్దాలకి గట్టిదనం తేడా, ఈ రెండు దారుల సంగతి లార్డ్ రేలీ అనే ఇంగ్లండ్ సైంటిస్టు 1907లోనే చెప్పాడు. రెండింటి మధ్య హద్దు దాదాపు 1500 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 1500 సార్లు అదిరే శబ్దం దగ్గర అనుకోండి.

ఇప్పుడు మన సంగతి చూడండి. నాలాంటోళ్లకి మిషన్ చెవిలో మిగిలి ఉండేది బొంగురు శబ్దాల వినికిడి. సన్నటివి ఎంత పెంచినా అక్కడ వినబడవు. ఇంప్లాంట్ చెవిలో సన్నటివి బాగా వస్తాయి, కానీ ఇంప్లాంట్ శబ్దాన్ని విడగొట్టి చెవి లోపల ఉండే కొద్దిపాటి ఎలక్ట్రోడ్ల (కరెంటు మొనల) మీద, కంపెనీని బట్టి 12 కానీ 16 కానీ 22 కానీ, కరెంటు తట్లు తట్లుగా పంపుద్ది, అందులో శబ్దం ఎంత పెద్దదో మెదడుకి చేరుద్ది గానీ ఆ సూక్ష్మమైన టైము వివరం చాలావరకు చేరదు. అంటే టైము తేడా పోలిక దాదాపు పోయినట్టే, గట్టిదనం పోలికకేమో రెండో చెవిలో సన్నటి శబ్దాలే లేవు. ఒక పళ్లెంలో బియ్యం, ఇంకో పళ్లెంలో నీళ్లు పోసి తూయమన్నట్టు ఉంటుంది మెదడుకి పరిస్థితి.

దీనివల్ల ఒక విచిత్రం జరుగుద్ది, ఇది మీ ఇంట్లో మీరే చూసుకోవచ్చు. కుక్కర్ విజిల్ ఎప్పుడూ ఇంప్లాంట్ పక్క నుంచే వచ్చినట్టు ఉంటుంది. మా వంటిల్లు నేను కూర్చునే కుర్చీకి ఎడమ పక్క, అయినా విజిల్ వస్తే నేను కుడి పక్క వీధి వైపు చూసేవాడిని. అంగడి ముందు లారీ ఆగి ఇంజిన్ ఆడుతుంటే అది ఎప్పుడూ ఎడమ పక్కే, మిషన్ పక్కే. ఆ రోజు ట్రంక్ రోడ్డు మీద హారన్ కుడి నుంచి వచ్చినట్టు అనిపించింది కూడా ఇందుకే, అది కీచు హారన్. శబ్దం యాడుంది అన్నదాన్ని బట్టి కాకుండా ఏ చెవికి వినబడింది అన్నదాన్ని బట్టి దిక్కు తోస్తుంది. అందుకని మీరు చెయ్యాల్సిన మొదటి పని, ఒక వారం పాటు ఒక నోటుపుస్తకంలో రాయండి, ఏ శబ్దం, నిజంగా ఎటు నుంచి, నాకు ఎటు అనిపించింది. కాలింగ్ బెల్లు, గుడి గంట, కుక్క, ఆటో, మనిషి మాట, ట్యాంకులో నీళ్లు పడే చప్పుడు, అన్నీ. వారం అయ్యాక చూస్తే మిమ్మల్ని ఎప్పుడూ మోసం చేసే శబ్దాలు ఏవో తేలిపోతాయి, వాటి విషయంలో చెవి మాట నమ్మకుండా కళ్లతో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. మాటలు, చప్పట్లు, తాళాల గుత్తి, బియ్యం చేటలో ఎగరేసిన చప్పుడు, ఇట్టాంటివాటిలో మనిషి మాటలో బొంగురూ సన్నమూ రెండూ ఉంటాయి కాబట్టి ప్రాక్టీస్‌కి అన్నిటికంటే మనిషి మాటే మంచిది అని నా అనుభవం.

ఇంక రెండో పని, నా లెక్కన అన్నిటికంటే ముఖ్యమైనది, రెండు పక్కలా సరితూకం. కాటాకి పాసంగం ఉంటే ఎంత జాగ్రత్తగా తూచినా తప్పే వస్తది, ఇదీ అంతే. ఇట్టా చూడండి. ఇంట్లో ఒకరిని మీకు ఎదురుగా, నిటారుగా మీ ముక్కుకి సూటిగా, ఒక మీటరు దూరంలో కూర్చోబెట్టండి. ఫ్యాను ఆపేయండి. వాళ్లు పేపర్లో వార్త ఏదైనా ఒకే గొంతుతో చదువుతుంటే మీరు కళ్లు మూసుకుని తల కదపకుండా వినండి. గొంతు నట్టనడుమ నుంచి వస్తున్నట్టు ఉందా, ఒక పక్కకి లాగుతుందా? మగ గొంతుతో ఒకసారి, ఆడ గొంతుతో ఒకసారి, మెల్లగా ఒకసారి, కాస్త గట్టిగా ఒకసారి. నాకు మా ఆవిడ గొంతు పూర్తిగా కుడికి లాగేది, మా మామ గొంతు నడుమకి దగ్గర్లో ఉండేది. ఇంప్లాంట్ వాల్యూమ్ ఒక మెట్టు తగ్గిస్తే ఆమె గొంతు కూడా కాస్త ఇటు జరిగింది. ఇదంతా రాసి తీసుకుపోయి ఆడియాలజిస్ట్‌కి చూపించండి, మీరు సొంతంగా రోజూ వాల్యూమ్ మార్చుకుంటూ పోవద్దు, మార్చుకుంటూ పోతే మెదడుకి ఏ తూకాన్ని నేర్చుకోవాలో తెలియదు. ఇంప్లాంట్ పెట్టించుకున్న చోట మ్యాపింగ్ (ఇంప్లాంట్ కరెంటు మన చెవికి తగ్గట్టు సరిచెయ్యడం) చేసేవాళ్లు ఒకరు, మిషన్ అమ్మిన చోట ఫిట్టింగ్ చేసేవాళ్లు ఇంకొకరు అయితే ఎవరి చెవి వాళ్లు చూసుకుంటారు, రెండూ కలిపి చూసేవాళ్లే ఉండరు, నాకు మొదట్లో జరిగిందదే. కాబట్టి రెండు సామాన్లూ పెట్టుకుని ఒకే మనిషి ముందు కూర్చుని "రెండు చెవులకీ గట్టిదనం సరిచెయ్యండి" అని నోరు తెరిచి అడగాలి.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. మిషన్లోనూ, ఇంప్లాంట్‌కి బయట చెవి మీద పెట్టుకునే ప్రాసెసర్లోనూ పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్న శబ్దాన్ని పెంచే ఆటోమేటిక్ ఏర్పాటు ఉంటుంది. ఏ చెవిది ఆ చెవి సొంతంగా చేసుకుపోద్ది. శబ్దం దగ్గరున్న చెవిలో గట్టిగా ఉందని అక్కడ తగ్గిస్తుంది, అవతలి చెవిలో తక్కువగా ఉందని అక్కడ పెంచుద్ది, మనకి దిక్కు చెప్పే తేడానే చెరిగిపోద్ది, తూచేటప్పుడు పళ్లెం మీద చెయ్యి పెట్టినట్టు. దీనికోసం జోడీగా పనిచేసేవి ఉన్నాయి, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ వాళ్ల ప్రాసెసర్‌తో ఫోనాక్ నైడా లింక్ మిషన్, కాక్లియర్ కంపెనీ ప్రాసెసర్లతో రీసౌండ్ మిషన్లు. కొత్తగా మిషన్ కొనబోయేవాళ్లు డబ్బులు కట్టకముందే నా ఇంప్లాంట్‌తో ఏది జోడీ అవుద్ది అని అడిగి కొనండి. పాత మిషన్ ఉన్నోళ్లు దాన్ని పారెయ్యాల్సిన పనిలేదు, ఈ తగ్గించడం పెంచడం రెండు పక్కలా వీలైనంత దగ్గరగా పెట్టమని అడగొచ్చు.

ఇంకోటి ఆలస్యం. డిజిటల్ మిషన్ శబ్దాన్ని లోపల లెక్కలేసి బయటికి పంపడానికి కొన్ని మిల్లీ సెకన్లు తీసుకుంటుంది. ఇంప్లాంట్ ప్రాసెసర్‌కి దాని ఆలస్యం దానికుంటుంది, రెండూ ఒకటి కాదు. తల ఈ చివర నుంచి ఆ చివరకి ఉండే తేడా మొత్తం 0.7 మిల్లీ సెకను దాటదు అనుకున్నాం కదా, ఇక్కడ సామాన్ల వల్లే దానికి ఎన్నో రెట్లు తేడా వచ్చేస్తుంది, మెదడుకేమో ముందొచ్చిన శబ్దాన్ని బట్టి దిక్కు తేల్చుకునే అలవాటు. మెడెల్ కంపెనీ కొత్త ప్రాసెసర్లలో మీ మిషన్ ఆలస్యానికి తగ్గట్టు ఇంప్లాంట్‌ని కూడా ఆలస్యం చేసే సెట్టింగ్ ఉంటుంది, మిగతా కంపెనీల వాళ్లు మీ మోడల్లో ఉందేమో అడగండి. మీ మిషన్ మోడల్ పేరు కాగితం మీద రాసుకుని పోండి.

మైకుల విషయం కూడా. హోటళ్లలో మాట బాగా వినబడాలని ముందు పక్క శబ్దాన్నే తీసుకుని పక్కవీ వెనకవీ తగ్గించే మోడ్ ఉంటుంది, అది మాటకి చాలా మంచిది, దిక్కుకి అస్సలు మంచిది కాదు. ప్రాక్టీస్ కోసం, రోడ్డు కోసం అన్ని పక్కలా సమానంగా వినే ప్రోగ్రాం ఒకటి రెండు సామాన్లలోనూ ఒకే నంబరులో పెట్టించుకోండి. నాకు రెండో ప్రోగ్రాం అది.

సరే, ఇంక ప్రాక్టీస్. ఇది స్విచ్ ఆన్ (ఆపరేషన్ తర్వాత ఇంప్లాంట్‌ని మొదటిసారి పనిచేయించడం) అయిన వెంటనే మొదలుపెట్టొద్దు, మొదట్లో మ్యాపింగ్ ప్రతిసారీ మారుతుంటుంది, తూకం ఈరోజున్నట్టు రేపుండదు. ఆ నెలల్లో ఇంప్లాంట్‌తో మాట అర్థం చేసుకోవడం మీదే దృష్టి పెట్టండి. మ్యాపు కాస్త నిలబడ్డాక ఇది మొదలుపెట్టండి.

చోటు ముఖ్యం. టైల్స్ వేసిన ఖాళీ హాల్లో చెయ్యొద్దు, గోడలకి తగిలి శబ్దం తిరిగొచ్చి అంతా గందరగోళం. మేము సాయంత్రం మిద్దె మీద చేశాం, గాలి ఎక్కువుంటే అంగడి లోపల చేశాం, చుట్టూ బియ్యం బస్తాలు ఉంటే ప్రతిధ్వని ఉండదు, ఇంట్లో అయితే పరుపులు దుప్పట్లు ఉన్న గది చాలు. మధ్యలో కుర్చీ వేసి, ఒకటిన్నర మీటరు తాడుతో సుద్దముక్క కట్టి కుర్చీ ముందు సగం గుండ్రంగా గీత గీయండి. గోడ గడియారం లెక్కన 9 దగ్గర, 12 దగ్గర, 3 దగ్గర గుర్తు పెట్టండి. మొదట 9, 3 ఈ రెండే. సాయం చేసేవాళ్లు చెప్పులు విప్పి నడవాలి, లేకపోతే అడుగుల చప్పుడు బట్టి చెప్పేస్తాం. 20 చీట్లు రాసి గ్లాసులో వేసుకుని ఏది వస్తే అక్కడ నిలబడి మాట అనాలి, ఒక వరసలో పోతే మనం ఊహించేస్తాం. ఒక్క మాట చాలు, "భోజనానికి రా" లాంటిది. ఇంకో సంగతి, ప్రతిసారీ ఒకే గట్టిదనంతో అనకూడదు, ఒకసారి మెల్లగా ఒకసారి గట్టిగా అనాలి. ఎందుకంటే లేకపోతే మనకి తెలియకుండానే "గట్టిగా వినబడితే ఇంప్లాంట్ పక్క" అని కట్టేసుకుంటాం, అది బయట పనికిరాదు.

మీరు కళ్లు మూసుకుని, తల కదపకుండా విని, వేలు చూపించండి. తర్వాత కళ్లు తెరిచి చూడండి, తప్పయితే వాళ్లు అక్కడే నిలబడి అదే మాట మళ్లీ అనాలి, మీరు వాళ్లని చూస్తూ వినాలి. ఈ చూస్తూ వినడం వదిలేయొద్దు, నేర్చుకునేదంతా అందులోనే, మొదటి రెండు నెలలు నేను ఒప్పా తప్పా అని లెక్క రాసుకోవడమే చేశా, తప్పయినప్పుడు మళ్లీ వినలేదు, అందుకే ఒక్క అడుగు ముందుకు పడలేదు.

లెక్క ఎట్టా చూసుకోవాలంటే, రెండు చోట్లు ఉన్నప్పుడు ఊరికే గుడ్డిగా చెప్పినా 20కి 10 వస్తాయి. కాబట్టి 10, 11 వస్తే ఇంకా ఏమీ పట్టలేదని. 16, 17 వరసగా కొన్ని రోజులు వస్తే మూడో చోటు 12 కలపండి, అక్కడ గుడ్డిగా చెప్తే 7 దాకా వస్తాయి. తర్వాత 10:30, 1:30 దగ్గర కూడా గుర్తులు పెడితే ఐదు చోట్లు, అక్కడ గుడ్డి లెక్క 4. నాకు ఐదు చోట్లలో ఇప్పుడు 11, 12 వస్తున్నాయి, అంతకంటే పెరగలేదు, కానీ తప్పులు కూడా పక్క గుర్తుకే పోతున్నాయి, అవతలి వైపుకి పోవడం తగ్గింది. రోజుకి 10, 15 నిమిషాలు చాలు, అంతకంటే చేస్తే తలనొప్పి వస్తది.

తప్పుల్ని చూడటం కూడా ఒక పద్ధతి. తప్పులన్నీ ఒకే పక్కకి, ఉదాహరణకి కుడికే వాలుతుంటే అది ప్రాక్టీస్ లోపం కాదు, తూకంలో పాసంగం ఉంది, మ్యాపింగ్‌కి పోవాలి. తప్పులు అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉంటే ప్రాక్టీస్‌తో బాగుపడతాయి. నిన్నటిదాకా బాగుండి ఈరోజు ఉన్నట్టుండి అన్నీ ఇంప్లాంట్ పక్కకే పోతుంటే ముందు మిషన్ బ్యాటరీ చూడండి. జింక్ ఎయిర్ బ్యాటరీ స్టిక్కర్ పీకిన వెంటనే మూత వేసేయకుండా రెండు మూడు నిమిషాలు గాలి తగలనివ్వాలి. తర్వాత మిషన్ మోల్డ్ (చెవిలో దూర్చే అచ్చు) ట్యూబులో నీటి చుక్క ఉందేమో చూడండి, మన నెల్లూరు ఉక్కపోతకి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో తేమకి ట్యూబులో చుక్క నిలబడితే మిషన్ సగం మూగపోద్ది. చెవి గులిమి అడ్డం పడినా అంతే. రాత్రిపూట రెండింటినీ సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి.

ముందా వెనకా అన్నది ఇంకో కష్టం. చెవి డొప్ప మడతలు శబ్దాన్ని మార్చే తీరుని బట్టి మామూలు వాళ్లకి ముందు వెనకలు తెలుస్తాయి, మన మైకులు చెవి పైన ఉంటాయి కాబట్టి ఆ మడతల సాయం మనకి ఉండదు. దీనికి ఒక ఉపాయం ఉంది, శబ్దం ఆగకుండా వస్తున్నప్పుడే పనికొస్తది. తలని మెల్లగా కుడికి తిప్పండి. తిప్పుతుంటే ఎడమ చెవిలో పెరిగితే శబ్దం ముందుంది, కుడి చెవిలో పెరిగితే వెనకుంది. కాగితం మీద బొమ్మ వేసుకుని చూడండి, అర్థమైపోద్ది. ఎడమకి తిప్పితే దీనికి తిరగేసి. మొదట ఒక ఫోన్‌లో ఎఫ్ఎం పెట్టి ముందు ఒకసారి వెనక ఒకసారి పెట్టించుకుని చేయండి. ఇప్పుడు అంగడిలో ఎవరన్నా ఆపకుండా మాట్లాడుతుంటే నేను తల కొంచెం అటూ ఇటూ ఆడించి పట్టేస్తా. ఒక్క అరుపు, ఒక్క హారన్ అయితే తిప్పేలోపే అయిపోద్ది, అప్పుడు ఇది కుదరదు. పైనా కిందా అన్నది మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు, దాని మీద టైము పెట్టొద్దనే చెప్తా.

పిల్లలకి అయితే ఈ చీట్లూ లెక్కలూ అక్కర్లేదు, దాగుడుమూతలు ఆడించండి, దాక్కున్నవాళ్లు మధ్యమధ్యలో పేరు పెట్టి పిలుస్తుండాలి. మా అక్క మనవడికి కూడా నాలాగే రెండు రకాలు ఉండాయి, వాడు నా కంటే తొందరగా పట్టేశాడు.

రోడ్డు గురించి గట్టిగా చెప్పాలి. ఎంత ప్రాక్టీస్ అయినా రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాలు దాటేటప్పుడు చెవి మాట మీద అడుగు వెయ్యొద్దు. నేను ఇప్పుడు హారన్ వినబడితే ఏ పక్కకీ జరగను, ఉన్నచోట ఆగి రెండు పక్కలా చూస్తా, తర్వాతే కదులుతా. బ్యాటరీ ఆటోలు, బ్యాటరీ స్కూటర్లు అసలు చప్పుడే చెయ్యవు. హెల్మెట్ పెట్టుకుంటే కాయిల్ (ఇంప్లాంట్‌కి తల మీద అంటుకునే బిళ్ల) జరిగిపోద్ది, మైకులు మూసుకుపోతాయి, మిషన్ ఈల వేస్తది, కాబట్టి బండి మీద దిక్కు తెలుస్తదని అసలు అనుకోవద్దు, రెండు అద్దాలూ సరిగ్గా పెట్టుకోండి. రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గర ఆ జనంలో కూడా అంతే, అన్ని పక్కలా శబ్దమే, అక్కడ విడిపోతే కలుసుకునే చోటు ముందే అనుకుని పోవాలి.

ఇంట్లో వాళ్లు చెయ్యాల్సిందల్లా ఒకటే, యాడున్నారో నోటితో చెప్పడం. "నాయనా" అని పిలిస్తే నేను ఇల్లంతా వెతకాలి, "నాయనా, మిద్దె మీద ఉండా" అంటే సూటిగా పోతా. "ఇటు, ఇక్కడ" అంటే మాకు ఉపయోగం లేదు. పేరు పిలిచి ఒక క్షణం ఆగాలి, మేము తల తిప్పుకునేదాకా, తర్వాతే సంగతి చెప్పాలి. నలుగురు ఉన్నచోట మాట్లాడబోయేవాళ్లు చెయ్యెత్తితే ఇంకా మంచిది. పెళ్లిళ్లలో నేను వీపు గోడ వైపు ఉండేట్టు, ఇంప్లాంట్ చెవి జనం వైపు ఉండేట్టు కూర్చుంటా, వెనక నుంచి పిలిచేవాళ్లే ఉండరు కాబట్టి సగం కష్టం తగ్గిపోద్ది. అంగడిలో కూడా గల్లాపెట్టె మూలకి మార్పించా.

ఇదంతా చేసినా రెండు మూడు నెలల్లో 9, 3 కూడా తేలకపోతే, లేదా మిషన్ చెవిలో మిగిలిన వినికిడి కూడా తగ్గిపోతుంటే, ఆ చెవికి కొత్తగా ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి. రెండు చెవులకీ ఇంప్లాంట్ ఉన్నోళ్లకి ఎడమా కుడీ మనకంటే బాగా తెలుస్తుందని డాక్టర్లు చెప్తారు, కానీ రెండోది పెట్టించుకుంటే మిషన్ ఇచ్చే ఆ బొంగురు శబ్దం, పాటలో ఉండే నిండుదనం పోవచ్చు, నాకైతే అది వదులుకోవడం ఇష్టం లేక ఇట్టానే ఉన్నా. మీ నోటుపుస్తకంలో వారం శబ్దాల లిస్టు, ఎదురుగా కూర్చోబెట్టి చూసిన తూకం, 20కి ఎన్ని వచ్చాయి, తప్పులు ఎటు వాలాయి, మిషన్ మోడలు, ఈ ఐదూ రాసుకుని డాక్టర్ దగ్గరికి పోతే మాట్లాడటం తేలిక అవుద్ది.